నిద్రపిట్ట అంచు

పిట్టకు కన్ను పెట్టించిన రోజు నుంచి పద్మావతికి మగ్గంలో దిగాలంటేనే ఒళ్ళు బరువెక్కుతోంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఆడమనిషి మగ్గంలో దిగనంటే పొయ్యి వెలిగించనన్నంత మాట. అందుకని దిగుతుంది. గుంతలో కాళ్ళు పెట్టుకుని, పేక దారం చుట్టిన నాడె చేతిలోకి తీసుకుంటుంది. తలపైన జకార్డు పెట్టె కటకటమంటూ ఒక్కో అట్టనూ తిప్పుతుంది. అట్టకు ఎక్కడ తూటు ఉంటే అక్కడ పడుగు పోగు లేస్తుంది, దాని కింద నుంచి జరీ దూరిపోతుంది, అంచులో పిట్ట తయారవుతుంది. మొదట తోక, తర్వాత రెక్కలు, చివర తల. తలలో కన్ను. ఆ కన్ను పడే సమయానికి పద్మావతి చూపు పక్కకు తిప్పుకుంటుంది. అట్టల దండ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. మళ్ళీ తోక, మళ్ళీ రెక్కలు, మళ్ళీ కన్ను. పొద్దు వాలేసరికి పిట్టలన్నీ అంచు పొడుగునా కూర్చుని ఆమెనే చూస్తుంటాయి.

ఆ పిట్ట ఆమె కూతురిది. కూతురు ఇప్పుడు లేదు.

దీప అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడి బడి మానేసింది. ఇంట్లో కూర్చుని ఏం తోచక, నాయన పని చేసుకునే బల్ల దగ్గరికి చేరింది. వాళ్ళ నాయన ముద్దుకృష్ణది చీరల డిజైన్లు గీసే పని. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, నింపిన ప్రతి గడికీ అట్టలో ఒక తూటు కొట్టి, ఆ అట్టలన్నీ వరసగా దండ కుడతాడు. ఆ రోజు ఆయన టీ తాగడానికి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి కాగితం మీద పిట్ట ఉంది. ఒక కాలు పొట్టి. తోక మరీ లావు. తల ఒక పక్కకు వాలి రెక్క మీద పడి ఉంది. కన్ను మాత్రం లేదు.

“కన్ను మరిచిపోయినావే?” అన్నాడు ముద్దుకృష్ణ.

“మరిచిపోలేదు నాయనా. అది నిద్రపోతాండాది. నిద్రపోయేటప్పుడు యాడన్నా కన్ను తెరుస్తారా?”

ఆ రోజంతా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు, విన్నవాళ్ళలో సగం మందికి అందులో నవ్వొచ్చేదేముందో అర్థం కాలేదు, అయినా నవ్వారు. కూతురు గీసిన గళ్ళలో ఒక్కటి కూడా దిద్దకుండా ఉన్నదున్నట్టు అట్టలు కొట్టాడు. లావు తోక లావుగానే, పొట్టి కాలు పొట్టిగానే అంచులోకి ఎక్కాయి.

వాళ్ళకు పట్టూ జరీ ఇచ్చి, చీరలు నేయించుకుని తీసుకుపోయే షావుకారు చెంగల్రాయుడు మొదటి చీర చూసి ముఖం చిట్లించాడు. “ఇదేమప్పా ముద్దుకృష్ణా, గుడ్డి పిట్ట?” అన్నాడు. అయినా మనిషి మొహమాటస్తుడు, పసిబిడ్డ గీసిందంటే కాదనలేకపోయాడు. అప్పుడో పడుగు, ఇప్పుడో పడుగు ఆ అంచు నేయించాడు. గొప్పగా పోలేదు. కొన్ని బెంగళూరు అంగళ్ళకు వెళ్ళాయి, కొన్ని అక్కడి నుంచి తిరిగొచ్చాయి. మొత్తం చీరలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ చీరల్లో ఒక్కటీ ఈ ఇంట్లో మిగల్లేదు. మిగలదు కూడా. పడుగు షావుకారుది, పేక షావుకారుది, నేసిన చేతులు మాత్రమే వీళ్ళవి. పట్టుచీర మడత పెట్టి పంపడమే తప్ప కట్టుకునే అలవాటు ఆ వీధిలో ఏ ఆడమనిషికీ లేదు.

దీప ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా వానాకాలం విషజ్వరం వచ్చింది. వారం తిరగలేదు.

ఆస్పత్రిలో పద్మావతి కూతురి చున్నీ కొస పట్టుకుని కూర్చుంది. అంతా అయిపోయాక కూడా వదల్లేదు. బయట వ్యాను ఆగి ఉంది, చుట్టాలు తొందరపెడుతున్నారు. నర్సు చెప్పి చూసింది, చెల్లెలు చెప్పి చూసింది. చివరకు ముద్దుకృష్ణ వచ్చి పక్కన కూర్చుని, “చెయ్యి తియ్యి పద్మా. పొద్దుపోతాండాది. చెయ్యి తియ్యి” అంటూ ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఆ తర్వాత ఆమె ఆయన చేతుల వంక సరిగ్గా చూడలేకపోయింది. ఆ మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది, ఇద్దరూ దాని పక్క నుంచే తప్పుకుని తిరిగారు.

పెళ్ళి కాని బిడ్డ కాబట్టి మట్టిలో పెట్టారు. గుంతలోకి దించే ముందు ముద్దుకృష్ణ జేబులోంచి గళ్ళ కాగితం తీశాడు. పిట్ట గీసిన ఆ మొదటి కాగితమే. నాలుగు మడతలు పెట్టి కూతురి చేతిలో ఉంచాడు. ఎవరూ వద్దనలేదు. అసలు పిట్ట అలా ఆమెతోనే వెళ్ళిపోయింది.

నెల గడిచాక పద్మావతి మళ్ళీ మగ్గంలో దిగితే, సగం నేసి ఆపిన చీర అదే అంచుతో ఎదురుగా ఉంది. ఎలాగో దాన్ని ముగించి చెంగల్రాయుడు ఇంటికి వెళ్ళింది.

“అన్నా, ఆ పిట్టను ఇంక నేయలేనన్నా” అంది. అంతకు మించి మాట పెగల్లేదు.

ఆమె అడిగింది వేరే అంచు. పూలో, తీగలో, ఏదో ఒకటి. చెంగల్రాయుడికి ఇంకోలా అర్థమైంది. అప్పటికే వీధిలో కొందరు గొణుగుతున్నారు, కన్ను లేని ప్రాణిని నేయకూడదని, గుడ్డి పిట్టను నేసిన ఇంట్లోనే ఇలా జరిగిందని. విగ్రహానికైనా కన్ను తెరిపించాకే కదా పూజ చేస్తారు అని ఆయనకూ అనిపించింది. ఆ తల్లి కూడా అదే బాధతో వచ్చిందనుకున్నాడు. మర్నాడే కంప్యూటరులో డిజైన్లు చేసే కుర్రవాడి దగ్గరికి వెళ్ళి పిట్టను మళ్ళీ గీయించాడు. ఆ కుర్రవాడు పనిమంతుడు. కాళ్ళు రెండూ సమానం చేశాడు, తోక సన్నబరిచాడు, వాలిన తలను నిటారుగా నిలబెట్టాడు, చక్కటి గుండ్రటి కన్ను పెట్టాడు. కొత్త అట్టలు వచ్చాయి. పాత అట్టలు తూట్లు చినిగి ఉన్నాయని షావుకారే పాత సామాన్ల వాడికి వేసేశాడు. శుక్రవారం చూసుకుని మగ్గం దగ్గర కర్పూరం వెలిగించి, కొత్త దండ ఎక్కించాడు.

“సూడమ్మా పద్మావతమ్మా, కన్ను తెరిపించినా. ఇంక మీ ఇంటికి ఏ దోషమూ లేదు” అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

చెడు చేసినవాణ్ణయితే నోరారా తిట్టుకోవచ్చు. కర్పూరం చేత్తో పట్టుకుని, కళ్ళనీళ్ళతో నిలబడి మంచి చేసేవాణ్ణి ఏమంటారు? పద్మావతి హారతి కళ్ళకద్దుకుని మగ్గంలో దిగింది. ఆ పిట్ట బాగా అమ్ముడుపోయింది కూడా, అదింకో ఖర్మ. వీధి వీధంతా అదే అంచు. ఏ గుమ్మం ముందు నుంచి నడిచినా లోపల కటకటమని అట్టలు తిరుగుతుంటాయి, దీప గీయని పిట్ట దీప పిట్ట పేరుతో కన్ను తెరుస్తూ ఉంటుంది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం పద్మావతి అన్నానికి పిలుద్దామని వెళ్తే ముద్దుకృష్ణ బల్ల మీద గళ్ళ కాగితం ఉంది. ఆయన చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు, తర్వాత మెల్లగా తీశాడు. లావు తోక. పొట్టి కాలు. రెక్కలు. మెడ దగ్గర ఆగిపోయింది.

“ఒళ్ళంతా వచ్చేసింది” అన్నాడు. “తలే రాలేదు. ఎట్ల వాల్చిందో గుర్తు రాలేదు.”

“ఎడమ రెక్క మీద.”

“కుడి రెక్క మీద గదా?”

“ఎడమ రెక్క మీదే. ఆ చీరలన్నీ నేసినదాన్ని, నాకు తెలీదా?”

ముద్దుకృష్ణ కాగితాన్ని వెలుతురుకు పట్టి వెనక నుంచి చూశాడు. “నువ్వు సూసింది తిరగేసిన పక్క. మగ్గంలో చీర ముఖం కింది పక్క గదా ఉండేది” అన్నాడు. అన్నాక ఆయనకే నమ్మకం చాలలేదు. “కాగితం మీద నేను సూసిందీ ఎప్పుడో పద్మా. ఎడమేనేమో. ఏ పక్కైనా కానీ, ఎంత వాల్చింది? నేను గీస్తే చక్కగా వస్తాండాది. ఇరవయ్యేండ్లు గీసిన చెయ్యి, వంకరగా గీయమంటే యాడ గీస్తాది?”

కాగితం కింద ఇంకా కాగితాలున్నాయి. అన్నిట్లోనూ తలలే. ఒక్కదాన్ని చూసినా ఇదే అని ఆమెకు అనిపించలేదు. కన్నవాళ్ళిద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరిలో ఒక్కరికీ బిడ్డ గీసిన గీత గుర్తు లేదు. దానికి ఆమెకు వచ్చిన ఏడుపు దీప పోయిన రోజు ఏడుపు కంటే వేరుగా ఉంది. అందులో సిగ్గు కూడా కలిసింది.

“యాడో ఒక్క చీరన్నా ఉండదా?” అంది చివరకు.

“చీరంతా యాల? ఒక్క పిట్ట తల సూస్తే చాలు. అంచులో ఒకటి వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే గదా.”

సాయంత్రమే ఆమె చెంగల్రాయుడి ఇంటికి వెళ్ళింది. ఆయన పాత ఫోనులో ఒక ఫొటో ఉంది, మడత పెట్టిన చీర. పిట్ట బియ్యపు గింజంత. వేళ్ళతో పెద్దది చేస్తే పొగ కమ్మినట్టు అయింది. గుడ్డి పిట్టతో ఇప్పుడేం పని అని ఆయన అడిగాడు. అప్పుడు చెప్పింది పద్మావతి, అది గుడ్డిది కాదని, నిద్రపోతోందని.

చెంగల్రాయుడు ఫోను పక్కన పెట్టేశాడు. “ఒక్క మాట చెప్పకపోయినావేమ్మా” అన్నాడు.

“నువ్వు అడగలేదు గదన్నా” అందామె. అందులో కోపం లేదు. ఇద్దరికీ దాంతో ఉపయోగమూ లేదు.

బెంగళూరుకు వెళ్ళినవి ఎవరి ఒంటి మీద ఉన్నాయో దేవుడికి తెలియాలి. ఆయన ఇంటికే వచ్చి కొనుక్కుపోయినవాళ్ళు మాత్రం ఇద్దరు గుర్తున్నారు. పుంగనూరులో మిషన్ ఆస్పత్రి ఆయా మేరమ్మ. కుప్పంలో అనూష అనే టీచరు.

మర్నాడు తెల్లారగానే పద్మావతి బస్సెక్కింది. పుంగనూరులో దిగి మిషన్ కాంపౌండు వెనక వీధిలో మేరమ్మ ఇల్లు కనుక్కుంది. తాళం వేసి ఉంది. పక్కింటి మారెమ్మ చేటలో చింతపండు ఒలుస్తూ అరుగు మీద కూర్చుంది.

“మేరమ్మకు బాగలేదమ్మా. కూతురు ఫ్లారెన్సు వేలూరుకు తోలకపోయుండాది. నువ్వెవురు?”

పద్మావతి చీర సంగతి చెప్పింది. మారెమ్మ చింతపండు పక్కన పెట్టేసింది.

“ఆ పిట్టల చీరా! దాన్ని కట్టుకోని చర్చికి పోతే ఎవురో ఒకరు అడిగేవోళ్ళే, యాల మేరమ్మా కన్ను లేని పిట్టను తెచ్చుకున్నావని. అమ్మిన ఆయప్ప కూడా తగ్గించి ఇస్తానన్నాడంట. ఈయమ్మ ఏమనేదో తెలుసా? కన్ను లేకేమప్పా, నిద్రపోతాండాది గదా, తల వాల్చిండేది సూస్తే తెల్దా అనేది. బతుకంతా పిల్లల వార్డులో చేసింది గదా. ఏ బిడ్డ నిద్రపోతాండాదో, ఏ బిడ్డ కండ్లు మూసుకోని నటిస్తాండాదో దూరం నుంచే చెప్పేది.”

పద్మావతి అరుగు మీద కూర్చుంది. ముక్కూ మొహం తెలియని మనిషి, ఎవరూ చెప్పకుండా, కూతురి మాటను అక్షరం పొల్లుపోకుండా చదువుకుంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మారెమ్మ మంచినీళ్ళిచ్చింది. మేరమ్మ తిరిగొస్తే ఫోను చేయమని నంబరు ఇచ్చి, పలమనేరు మీదుగా కుప్పం బస్సు పట్టుకుంది.

అనూష టీచరు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆ చీర మాట ఎత్తగానే నొచ్చుకుంది. “అది లేదక్కా. కట్టుకున్నప్పుడల్లా గుడ్డి పిట్ట, గుడ్డి పిట్ట అంటా అందరూ ఏడిపించేవాళ్ళు. పోయిన సంవత్సరం పాత పట్టుచీరలు కొనేవాడు వీధిలోకొస్తే వేసేసినా” అంది.

వాళ్ళు ఆ చీరల్ని ఏం చేస్తారో పద్మావతికి తెలుసు. జరీలో వెండి కోసం కుప్ప పోసి కాలుస్తారు. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, వస్తానని చెప్పి లేచింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దాని తల ఎక్కడో ఒక చోట ఉంది, వేలూరు ఆస్పత్రిలో ఉన్న మనిషి బీరువాలో ఉంది అని తనకు తానే చెప్పుకుంది. మేరమ్మ కోలుకోవాలని దారి పొడుగునా మొక్కుకుంది. ఆ మొక్కు మేరమ్మ కోసమో, చీర కోసమో తేల్చుకోలేక మధ్యలో ఆపేసి, మళ్ళీ మొక్కుకుంది.

పది రోజులకు ఫోను వచ్చింది.

“మేరమ్మ వచ్చిందమ్మా” అంది మారెమ్మ.

“ఎట్లుండాది?”

“పెట్టెలో వచ్చింది.” అవతల ముక్కు చీదిన చప్పుడు. “ఈ పొద్దే మధ్యాన్నం సమాధి చేస్తారు. నువ్వడిగిన చీర ఉండాదే, అదే కట్టి పంపమని కూతురికి చెప్పిందంట. అందుకే చేసినా నీకు.”

పద్మావతి కట్టుకున్న చీరతోనే బయలుదేరింది. ముద్దుకృష్ణ బస్టాండు దాకా వచ్చి, తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. “దీంట్లో ఫొటో బాగొస్తాది. ఒక్క ఫొటో. తల కనపడితే చాలు” అన్నాడు. బస్సు కదిలాక కూడా పక్కనే నాలుగడుగులు నడిచాడు. ఆయన ఆమె వంక అంత ఆశగా చూసి రెండేళ్ళయింది.

టమోటా మార్కెట్టు దగ్గర లారీలు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. కదిలి, మళ్ళీ ఆగింది. పక్క సీటు ఆవిడ ధరల గురించి ఏదో చెబుతోంది. పద్మావతికి ఏదీ వినబడటం లేదు. మూత వేసేస్తారు, మూత వేసేస్తారు, ఆ ఒక్క మాటే తిరుగుతోంది. పుంగనూరులో ఆటో మాట్లాడుకుని సమాధుల తోట గేటు దగ్గర దిగేసరికి లోపల పాట వినిపిస్తోంది.

పెట్టె ఇంకా తెరిచే ఉంది. గుంత పక్కన రెండు బల్లల మీద పెట్టారు. కడసారి చూసుకునేవాళ్ళు వరసలో వెళ్తున్నారు. పద్మావతి వరసలో కలిసింది. ఎవరూ ఎవరని అడగలేదు. చావుకు వచ్చినవాళ్ళను అడిగే అలవాటు ఎక్కడా ఉండదు.

పెట్టె దగ్గరికి వచ్చింది. మేరమ్మ చిన్న మనిషి, ఇంకా చిన్నగా అయిపోయి ఉంది. ఛాతీ దాకా తెల్ల దుప్పటి, దాని మీద నిండా పూలు. చీర కనబడేది ఒక్క భుజం దగ్గరే. వంకాయ రంగు పట్టు. తను నేసిందే. ఏ వేసవిలో నేసిందో కూడా గుర్తొచ్చింది, దీప గడప మీద కూర్చుని జామకాయ తింటూ పాఠం అప్పజెబుతుండేది. భుజం మీది అంచులో, దుప్పటి బయట ఉన్న ఒకే ఒక్క పిట్ట లావు తోక కనబడింది. పొట్టి కాలు కనబడింది. రెక్కలు కనబడ్డాయి.

ఆపైన పిడికిలి ఉంది.

పెట్టెకు తల ఆనించి మోకాళ్ళ మీద కూర్చున్న ఫ్లారెన్సు, అమ్మ భుజం మీది అంచును గుప్పెట్లో బిగించి పట్టుకుంది. ముప్పయ్యేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ఇంక గొంతు లేదు. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో ఆమెకు పట్టలేదు. వేళ్ళ కణుపులు తెల్లబడేలా పట్టుకుని ఉంది. పిట్ట తల ఆ గుప్పెట్లో ఉంది.

పద్మావతి ఫోను బయటికి తీసింది. వెనక ఉన్నవాళ్ళు ముందుకు జరగమని మెల్లగా తోస్తున్నారు. అమ్మా, కొంచెం చెయ్యి తియ్యి. ఆ ఒక్క మాట చాలు. ఆ పిల్ల కాదనేది కూడా కాదేమో. చేతిలో గళ్ళ కాగితంతో ముద్దుకృష్ణ బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. ఒక్క తల వస్తే అన్నీ వస్తాయి. మగ్గం నిండా, చీర నిండా, వీధి నిండా దీప పిట్ట మళ్ళీ నిద్రపోతుంది.

నోరు తెరిచింది. చెయ్యి తియ్యి అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఆ మాటతో పాటే తన వేళ్ళ మధ్య నుంచి జారిపోయిన చున్నీ కొస గుర్తొచ్చింది. అది ఎంత మెత్తగా ఉందో, చివరి వేలు ఎలా విడిపోయిందో గుర్తొచ్చింది. ఆ మాటను ఇంకొక మనిషికి చెప్పడం తన వల్ల కాదు. కూతురి కోసమైనా కాదు.

ఫోను జాకెట్లో దోపుకుంది. ఫ్లారెన్సు పిడికిలి మీద తన చెయ్యి ఉంచింది. విప్పడానికి కాదు. కాసేపు అలాగే ఉంచి ముందుకు జరిగింది.

పాస్టరు ప్రార్థన ముగించాడు. పెద్దవాళ్ళు ఫ్లారెన్సును లేవదీశారు, ఎవరో ఆమెతో అనవలసిన మాట అనే ఉంటారు. పద్మావతి అప్పటికే గేటు దాటి బయట గోడ పక్కన నిలబడి ఉంది. మూతకు మేకులు కొడుతున్న చప్పుడు అక్కడికి వినిపించింది.

ఇంటికి వచ్చేసరికి ముద్దుకృష్ణ గడపలోనే ఉన్నాడు. లోపల బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది, పెన్సిలు చెక్కి పెట్టి ఉంది. ఆమె చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేకపోయాడు.

“తల యా పక్క వాల్చింది?”

“సూడలేదు” అంది పద్మావతి. “ఆ బిడ్డ పిడికిట్లో ఉండింది.”

“పిడికిట్లో ఉంటే...”

“చెయ్యి తియ్యమని చెప్పలేకపోయినా.”

ముద్దుకృష్ణ తల వంచుకున్నాడు. తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటి వంకే చూశాడు. ఆ చేతులు ఏం చేశాయో ఆయనకు గుర్తుంది. ఈ రెండేళ్ళూ గుర్తుంది. పద్మావతి పోయి ఆయన పక్కన కూర్చుంది. ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. దీప పోయాక ఆయనను ఆమె అలా ముట్టుకోవడం అదే మొదటిసారి. ఇద్దరూ గట్టిగానే ఏడ్చారు. ఎదురింటివాళ్ళు వచ్చి చూసి, సంగతేమిటో అడగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు పద్మావతే అడిగింది. “ఒళ్ళు వచ్చిండాది గదా. దానికే అట్టలు కొట్టు.”

“తల లేకుండానా?”

“లేకుండానే.”

“చెంగల్రాయన్న తీసుకోడు.”

“ఆయన పడుగు మీద యాల నేస్తా? ఇది నాకు.”

నేసేవాళ్ళు కట్టుకోరు కదా అన్నట్టు ఆయన చూశాడు.

“ఇప్పుడు కట్టుకోనులే” అంది. “నన్ను పంపేటప్పుడు కట్టు. నేను నీకంటే ముందు పోతే నువ్వు కట్టు, లేకుంటే నా చెల్లెలికి చెప్పి పెడతా. తల ఆ కాగితంలో ఉండాది. కాగితం బిడ్డ కాడ ఉండాది. మిగిలింది నేను తీసకపోతా.”

ముద్దుకృష్ణ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తోకకు కొట్టాడు, కాళ్ళకు కొట్టాడు, రెక్కలకు కొట్టాడు. తల రావలసిన చోట తూట్లు లేని అట్టలు పెట్టి దండ కుట్టాడు. దండను తనే మోసుకొచ్చి జకార్డు పెట్టెకు ఎక్కించాడు.

పద్మావతి గుంతలో దిగింది. తోక వచ్చింది. రెక్కలు వచ్చాయి. ఆ తర్వాత పెట్టె కటకటమంటూ ఖాళీ అట్టలను తిప్పింది, అంచులో ఒక్క పోగూ లేవలేదు. ఈసారి ఆమె చూపు పక్కకు తిప్పుకోలేదు. పేక పోస్తూనే ఉంది. కాసేపటికి దండ మొదటికొచ్చింది, మళ్ళీ తోక మొదలైంది.